సున్నా వేగం

"నోరు ఇంకాస్త తెరవండి," అన్నాడు పళ్ళ డాక్టరు.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మనిషి తెరిచాడు. వయసు నలభై రెండు. పని ఫర్మ్‌వేర్ రాయడం. అంటే స్విచ్ నొక్కగానే మెషీన్‌లో అందరికంటే ముందు నిద్ర లేచి, తతిమ్మా వాటిని లేపే చిన్న ప్రోగ్రామ్ రాయడం. పై దవడలో ఒక పన్ను నాలుగు రోజులుగా ప్రాణం తోడేస్తుంటే, పొద్దున్నే ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చాడు.

తెల్ల కోటు, ఆకుపచ్చ మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. కోటు మాత్రం డాక్టరుకి భుజాల దగ్గర బిగుతుగా ఉంది. దాని అసలు యజమాని పక్కన ఎక్స్‌రే గదిలో బోర్లా పడి ఉన్నాడు. ఆయన మెడకి కరెంటు వైరు మూడు చుట్లు చుట్టి ఉంది.

"ఆనకట్ట మెషీన్ బోర్డు మీరే చేశారట కదా?"

నోటినిండా దూది. మనిషి తల ఊపాడు. ఈయనకి ఆ సంగతి ఎలా తెలిసిందన్న అనుమానం అప్పుడే మొదలైంది.

"దాని లోపలి లెక్కలు మీకు కాక ఇంకెవరికైనా తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు. పాపం, అబద్ధమాడటం చేతకాని మనిషి.

"మంచిది. కాస్త నొప్పిగా ఉంటుంది," అన్నాడు డాక్టరు.

డ్రిల్ పంటి దగ్గర ఆగలేదు. కుర్చీలోని మనిషి కాళ్ళు రెండు నిమిషాలు కొట్టుకున్నాయి. తర్వాత పళ్ళ డాక్టరు శుభ్రంగా చేతులు కడుక్కున్నాడు. వెళ్ళేముందు రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి గుండెల్లోకి సైలెన్సర్ బిగించిన పిస్తోలుతో రెండు గుళ్ళు దింపి, తలుపుకి 'ఈ రోజు సెలవు' అన్న బోర్డు తగిలించాడు. ముగ్గురిని చంపడానికి అతనికి పదకొండు నిమిషాలు పట్టింది.

తొమ్మిదింటికి ఆ వార్త ఒక మూడంతస్తుల భవనానికి చేరింది. బయట బోర్డు మీద తూనికల పరికరాల రిపేరు అని ఉంటుంది. లోపల ఎవరూ ఏ తక్కెడా రిపేరు చేయగా చూసినవాళ్ళు లేరు.

"కూర్చోకు. టైం లేదు," అన్నాడు పెద్దసారు.

కూర్చోబోయిన ఏజెంటు నిలబడ్డాడు. డిపార్టుమెంటులో అతన్ని ఉడుత అంటారు. ఏ గోడైనా ఎక్కేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది. దిగడం అంత బాగా రాదు కాబట్టి ఎడమ మోకాల్లో ఒక స్టీలు ముక్క ఉంది.

"పాత ఆనకట్ట. అడుగు గేటు. దాని కింద సొరంగం. ఏడాదికోసారి నీళ్ళు ఆపి, సొరంగం గోడలకి ఇనప ప్లేట్లు అతుకుతారు. ఇప్పుడు లోపల నలభై ముగ్గురు పనిచేస్తున్నారు. సరిగ్గా పన్నెండింటికి గేటు దానంతటదే లేస్తుంది."

"ఎవరి పని సార్?"

"సంతగాళ్ళు."

ఉడుతకి అర్థమైంది. అది విదేశీ ముఠా. ఆనకట్టలనీ, కరెంటు స్టేషన్లనీ దూరం నుంచే కూల్చే విద్యని అడిగినవాళ్ళకి అమ్ముకుంటుంది. అందుకే ఆ పేరు.

"ఈ రోజు శాంపిల్ చూపిస్తున్నారు," అన్నాడు పెద్దసారు. "పన్నెండింటికి కొనేవాళ్ళంతా స్క్రీన్ల ముందు కూర్చుంటారు. నలభై ముగ్గురు మునిగితే సరుకు మంచిదని నమ్ముతారు."

"మనవాళ్ళని బయటికి పిలిస్తే?"

"సొరంగం మూతి దగ్గర కెమెరా పెట్టారు. ఒక్కడు బయట అడుగు పెట్టినా, గేటు ఆ క్షణమే లేపుతామని మెసేజ్ పంపారు. ఫోన్ లైన్లు కోసేశారు."

"కరెంటు తీసేస్తే?"

"గేటుని నడిపే మెషీన్ ఆగితే గేటు లేచేట్టు మార్చారు. మెషీన్ బతికే ఉండాలి. దానిలో కూర్చున్న వాళ్ళ ప్రోగ్రామ్ మాత్రం చావాలి. ఆ సంగతి ఈవిడకి తెలుసు."

మూల కుర్చీలో యాభై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో లాప్‌టాప్ సంచి, కళ్ళజోడుకి తాడు. మెషీన్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్ కెర్నల్. అందులో సీరియల్ కన్సోల్ సంగతి చూసే భాగం ఆవిడే రాసింది, ఇప్పటికీ ఆవిడే చూసుకుంటుంది. ఆఫీసులో అందరూ ఇంజనీరమ్మ అంటారు. సొరంగంలో ఉన్న వెల్డింగ్ మేస్త్రీ ఆవిడ సొంత తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అప్పటినుంచీ వాడికి అమ్మా నాన్నా ఈవిడే.

"మెషీన్ వెనకాల ఒక చిన్న సాకెట్ ఉంటుంది," అంది ఇంజనీరమ్మ. "అదే సీరియల్ కన్సోల్. స్క్రీన్ పోయినా, నెట్‌వర్క్ పోయినా, కెర్నల్‌తో నేరుగా మాట్లాడే దారి అదొక్కటే."

"దాన్ని వాళ్ళు మూసెయ్యలేదా?"

"బోర్డు కదిలిస్తే మెషీన్ పడిపోతుందేమోనని వాళ్ళకీ భయం. పైగా అందులోంచి వచ్చేదంతా చెత్తే. ఎవరికీ చదవడం రాలేదు."

"చెత్త కాదు. రహస్యలిపి," అంటూ లోపలికి వచ్చింది వజ్రం.

ఆరు నెలలుగా సంతగాళ్ళలో చేరి మనకి కబుర్లు మోస్తున్న మనిషి ఆమె. నల్ల సిల్కు చొక్కా, ఎత్తు మడమల చెప్పులు. ఆమె గదిలోకి వస్తే పెద్దసారు కూడా టై సర్దుకుంటాడు. ఉడుత సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ ఆరు నెలల్లో మూడుసార్లు గడ్డం స్టైలు మార్చాడు.

"దాని కీ పదకొండున్నరకి ఆనకట్ట దగ్గర నా చేతికొస్తుంది. అంతవరకూ ఎవరూ ఆ సాకెట్ జోలికి పోవద్దు," అంది వజ్రం. "కంట్రోల్ హౌస్ గేటు దగ్గర కాపలావాడు ఎవరని అడుగుతాడు. కంప్రెసర్ కాలిపోయింది అని చెప్పండి. అదే కోడ్. వదిలేస్తాడు."

పెద్దసారు బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. పళ్ళ డాక్టరు కుర్చీ, అందులో ఉన్న మనిషి. ఇంజనీరమ్మ ముఖం తిప్పుకుంది.

"ఆ బోర్డు చేసింది ఇతనే. తొమ్మిదింటికి పిలుద్దామని నిన్న నేనూ, ఈవిడా, వజ్రమూ ఈ గదిలోనే అనుకున్నాం. ఎనిమిదింటికే చంపేశారు."

"ఇతను నాకు మూడు మెయిళ్ళు రాశాడు," అంది ఇంజనీరమ్మ.

"ఏమని?"

"సరిగ్గా చదవలేదు."

సామాన్ల గదిలో ముసలాయన ఉడుతకి ఏసీ మెకానిక్ యూనిఫారం, ఒక పిస్తోలు, ఒక పెద్ద స్పానర్ ఇచ్చాడు. దాంతోపాటు ఒక్క గుండు పేల్చే పెన్ను కూడా జేబులో పెట్టి, దానికి గ్యారంటీ లేదని ముందే చెప్పాడు.

పది దాటేసరికి వాన్ ఊరు దాటింది. డ్రైవరు పక్కన వజ్రం, వెనక సీట్లో ఉడుత, ఇంజనీరమ్మ. ఆవిడ ఒళ్ళో రెండు ఫోటోలున్నాయి. ఆనకట్ట సిబ్బంది ఆ సాకెట్‌కి లాప్‌టాప్ తగిలించినప్పుడు స్క్రీన్ మీద కనిపించిన చెత్తకి తీసినవి. ఒకటి పోయినేడాదిది, ఒకటి ఈ నెలది. ఆవిడ రెండింటినీ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కో గుర్తూ తడుముతూ పోయింది. తర్వాత ఫోన్ తీసి మూడో మెయిల్ చదివింది. చదివి, కళ్ళజోడు తీసేసింది.

"ఏమైంది మేడమ్?"

"రెండు ఫోటోల్లోనూ ఒకే చెత్త. సంతగాళ్ళు రాకముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, ఒక్క గుర్తు కూడా మారలేదు. ఈ మెయిల్ విను." ఆవిడ చదివింది. "'మేడమ్, మా బోర్డు మీద గడియారం మీరనుకునేది కాదు. అందుకే పట్టికలో వేగం దగ్గర సున్నా పెట్టాను. మర్చిపోయి పెట్టింది కాదు. దయచేసి సున్నా ఉన్నచోట మీ కెర్నల్ వేగం జోలికి పోకుండా చూడండి. మార్చాల్సింది ఆరు లైన్లే, కింద రాశాను.'"

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

"ఫర్మ్‌వేర్ ముందు లేస్తుంది. ఆ సాకెట్ ఎంత వేగంతో మాట్లాడాలో అదే సెట్ చేస్తుంది. తర్వాత వచ్చే కెర్నల్ కోసం ఒక పట్టిక రాసిపెడుతుంది. కన్సోల్ ఫలానా చోట ఉంది, వేగం ఇంత అని. వేగం దగ్గర సున్నా ఉంటే, నేను సెట్ చేసేశాను, నువ్వు ముట్టుకోవద్దు అని. పొయ్యి మీద పాలు పెట్టి, మంట సరిచేసి పోయినట్టు. వెనకొచ్చినవాళ్ళు అలా వదిలెయ్యాలి."

"మరి మీ కెర్నల్?"

"వదల్లేదు. సున్నా కనపడితే ఎవడో నింపడం మర్చిపోయాడనుకుని, తొమ్మిది వేల ఆరువందలు పెట్టేస్తుంది. అదీ సరిగ్గా కుదరదు. ఆ లెక్క బోర్డు మీద టిక్కులు కొట్టే గడియారాన్ని బట్టి ఉంటుంది. నా కెర్నల్ అన్ని బోర్డులకీ పాతకాలపు గడియారమే ఉంటుందనుకుంటుంది. ఈ బోర్డుది వేరే. అందుకని తొమ్మిది వేల ఆరువందలనుకుంటూ ఇంకేదో వేగంతో మాట్లాడుతోంది. వినేవాళ్ళకి చెత్తలా కనపడుతోంది." ఆవిడ ఫోన్ ఆపేసింది. "అలా రాసింది నేనే. పదకొండేళ్ళయింది. ఇతను మూడుసార్లు చెప్పాడు. పట్టిక నింపడం నేర్చుకుని రాయమని మూడుసార్లూ జవాబిచ్చాను. చదివుంటే ఈపాటికి ఆ సాకెట్ శుభ్రంగా మాట్లాడుతుండేది. అతన్ని చంపాల్సిన అవసరం ఎవరికీ ఉండేది కాదు."

"అంటే రహస్యలిపి కాదా?"

"లిపీ లేదు, కీ లేదు. నా తప్పు ఉంది, అంతే."

ఉడుత తల మెల్లగా ముందు సీటు వైపు తిరిగింది. కీ లేనప్పుడు, పదకొండున్నరకి చేతికొచ్చే కీ ఏది? నిన్న ఆ గదిలో ముగ్గురే ఉన్నారు. ఆ ముగ్గురిలో పెద్దసారు, ఇంజనీరమ్మ పోగా మిగిలింది ఎవరు? ఆరు నెలలు గడ్డం గీసుకున్నందుకు అతనికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

అద్దంలో వజ్రం కళ్ళు అతని కళ్ళని కలిశాయి.

"మీరు ఆ మెయిల్ చదవకుండా ఊరుకుంటే బాగుండేది ఆంటీ," అంది ఆమె. సంచిలోంచి పిస్తోలు తీసి డ్రైవరు కణత మీద పెట్టి కాల్చింది.

అద్దం ఎర్రబడింది. వాన్ రోడ్డు దిగి, గట్టు రాయిని గుద్ది, రెండు పల్టీలు కొట్టింది. అది ఆగేసరికి ఉడుత పైకప్పు మీద పడి ఉన్నాడు, వజ్రం అతని మీద ఉంది. పిస్తోళ్ళు రెండూ ఎక్కడికో ఎగిరిపోయాయి. ఆమె చెప్పు మడమలోంచి వేలెడు కత్తి బయటికొచ్చి అతని తొడలో దిగింది. అతను జేబులోంచి పెన్ను లాగి ఆమె గొంతుకి ఆనించి నొక్కాడు. టిక్కుమంది, అంతే. ముసలాయన ముందే చెప్పాడు.

ఆమె నవ్వి, కత్తి మెలితిప్పింది. ఉడుత కేక పెడుతూ, వేలాడుతున్న సీటు బెల్టుని ఆమె మెడకి చుట్టి, రెండు కాళ్ళూ డోరుకి తన్ని లాగాడు. ఆమె గోళ్ళు అతని చెంప చీల్చాయి. అతను వదల్లేదు. గోళ్ళు ఆగిపోయాక కూడా పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు వదిలాడు.

ఇంజనీరమ్మ కుడి చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. లాప్‌టాప్ సంచిని మాత్రం ఎడమ చేత్తో గుండెలకి హత్తుకుని ఉంది.

"చెయ్యి విరిగింది మేడమ్."

"తెలుసు. ఇది విరగలేదు," అంది సంచి చూపిస్తూ. "ఇంకెంత దూరం?"

"కిలోమీటరు. మోసుకుపోనా?"

"నీ తొడలోంచి రక్తం కారుతుంటే నువ్వు నన్ను మోస్తావా? కాళ్ళు బానే ఉన్నాయి, నడు. మేడమ్ మేడమ్ అనకు, వినబుద్ధి కావట్లేదు."

"సరే అక్కా."

సీటు గుడ్డ చింపి ఆవిడ చేతికి ఒక కట్టు, తన తొడకి ఒక కట్టు కట్టి, తన పిస్తోలు వెతుక్కుని ఉడుత బయల్దేరాడు. ఎండ నెత్తి మీద పేలుతోంది. ఆనకట్ట కంట్రోల్ హౌస్ గేటు చేరేసరికి పదకొండూ ముప్పై ఎనిమిది. కాపలావాడు తుపాకి ఎత్తి, ఎవరని అడిగాడు. వజ్రం చెప్పిన కోడ్ ఉడుత నాలుక చివర దాకా వచ్చింది. ఆమె చెప్పింది గనకే అది అనకూడదని గుర్తొచ్చి, బదులుగా స్పానర్‌తో జవాబిచ్చాడు. పుర్రె పగిలిన చప్పుడు విని ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుంది. కాపలావాడి చెవిలోని రేడియోలో ఎవరో, ఆ కోడ్ వినపడగానే ఇద్దరినీ కాల్చేయమని మళ్ళీ గుర్తుచేస్తున్నారు.

మెషీన్ ఉన్నది ఆనకట్ట గోడ లోపల, కింద గ్యాలరీలో. నూట నలభై మెట్లు. గోడలు చెమ్మగా ఉన్నాయి, కాలువలో ఊట నీళ్ళు పారుతున్నాయి. ఒక్కో మెట్టుకీ ఆవిడ పళ్ళు బిగిస్తోంది. అయినా మాట్లాడుతూనే దిగింది.

"సరైన వేగం తెలిస్తే చాలు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. కన్సోల్ మీద కెర్నల్‌కి ఒక అత్యవసర దారి ఉంది. ముందు లైన్ మీద బ్రేక్ అనే సంకేతం పంపాలి. ఐదు సెకన్ల లోపు ఒక్క ఇంగ్లీషు అక్షరం కొట్టాలి. ఐ కొడితే నడుస్తున్న ప్రోగ్రాములన్నింటినీ కెర్నల్ చంపేస్తుంది. తను మాత్రం బతికుంటుంది. మెషీన్ బతికున్నట్టే కాబట్టి గేటు కదలదు. వాళ్ళ ప్రోగ్రామ్ చేత్తో మొదలుపెట్టింది, చస్తే మళ్ళీ లేవదు."

"వేరే అక్షరం పడితే?"

"బి పడితే మెషీన్ రీబూట్. గేటు లేస్తుంది."

"ఆ సరైన వేగం ఎంత?"

"బోర్డు మీద గడియారం చూస్తేగాని చెప్పలేను. తెలిసినవాడిని పొద్దున చంపారుగా."

గ్యాలరీ చివర ఇనప కేబినెట్ ముందు ముగ్గురున్నారు. ఉడుత మలుపు దగ్గర మోకాలి మీద కూర్చుని మొదటివాడి గొంతులో కాల్చాడు. రెండోవాడు తిరిగి కాల్చిన గుండు కేబినెట్ తలుపుని ఊడగొట్టింది. మూడోవాడు వాడి మీద అరిచాడు. బోర్డుకి తగిలితే చస్తాం, కాల్చొద్దని. ఆ అరుపు విని వాడు తడబడ్డ ఒక్క క్షణం ఉడుతకి చాలింది. రెండు గుళ్ళు కడుపులో దిగి, వాడు కాలువలో కూలబడి మూలుగుతూ ఉండిపోయాడు. ఉడుత మూడోవాడి వైపు తిప్పి నొక్కాడు. పిస్తోలు ఖాళీ.

మూడోవాడు పళ్ళ డాక్టరు. తెల్ల కోటు లేదు గాని, చేతిలో మొన వంగిన స్టీలు కొక్కెం ఉంది.

ఇద్దరూ కలబడి కేబినెట్ పక్కన నేలమీద పడ్డారు. ఇంజనీరమ్మ గోడ వారగా వచ్చి, చతికిలబడి, ఎడమ చేత్తో కేబుల్ సాకెట్‌లో గుచ్చింది. లాప్‌టాప్ మీద చెత్త పారడం మొదలైంది. అచ్చం ఫోటోలో ఉన్నట్టే.

"తమ్ముడూ, నీకు బోర్డు కనపడుతోందా?"

ఉడుత తల సగం కేబినెట్ లోపల ఉంది. పళ్ళ డాక్టరు అతని గొంతు మీద మోకాలు పెట్టి, కొక్కేన్ని చెంపలోకి దింపుతున్నాడు.

"కనపడుతోంది."

"సాకెట్‌కి ఎడం పక్క వెండి రంగు చిన్న డబ్బా ఉంటుంది. గోరంత ఉంటుంది, అదే గడియారం. దాని మీద అంకె చదివి చెప్పు."

"ఇప్పుడా?"

"పన్నెండుకి మూడు నిమిషాలుంది."

కొక్కెం చెంపలోంచి దూరి పంటికి తగిలింది. ఉడుత నోరు రక్తంతో నిండిపోయింది. అతను ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఆపుతూ, ఒక కన్ను మూసి రెండో కంటితో చూశాడు.

"యాభై," అన్నాడు రక్తం ఉమ్మి. "చుక్క. మూడు సున్నాలు."

"సున్నాలు సరిగ్గా చూడు."

"మూడే అక్కా."

ఇంజనీరమ్మ పెదాలు కదిలాయి. ఆ అంకె పది లక్షల లెక్కలో ఉంటుంది, అంటే సెకనుకి ఐదు కోట్ల టిక్కులు. పదహారుతో భాగించాలి. పాత గడియారమనుకుని కెర్నల్ పెట్టే భాజకం పన్నెండు. దాంతోనూ భాగించాలి. లెక్క ఆవిడకి కొత్త కాదు, చెయ్యే కొత్త. ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్క అంకెనీ వెతుక్కుంటూ కొట్టాయి. రెండు లక్షల అరవై వేల నాలుగు వందల పదహారు.

చెత్త ఆగిపోయింది. ఆ చోట శుభ్రమైన అక్షరాల్లో, మీ పేరేమిటని అడుగుతూ మెషీన్ కనిపించింది. ఇంజనీరమ్మకి ఏడుపొచ్చింది. అతను చెప్పిందంతా నిజమే.

పళ్ళ డాక్టరు కూడా ఆ స్క్రీన్ చూశాడు. చదవగలిగే అక్షరాలు చూడగానే అతని ముఖంలో రంగు మారింది. ఉడుతని వదిలి లేచాడు.

పన్నెండుకి మూడు సెకన్లు. ఆవిడ బ్రేక్ పంపింది.

ఆ వెంటనే అతను ఆవిడ విరిగిన చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. ఆవిడ అరుపు గ్యాలరీ అంతా మోగింది. లాప్‌టాప్ ఒళ్ళోంచి జారి నేలమీద తిరగబడబోయింది. ఎడమ చెయ్యి దాని అంచు పట్టుకుంది గాని, అక్షరం మీద వేలు పెట్టాలంటే అంచు వదలాలి. నలభై ముగ్గురి ముఖాలు ఆవిడకి తెలియవు. ఒక్క ముఖం తెలుసు. ఆరేళ్ళప్పుడు ఆవిడ కొంగు పట్టుకుని బడికి వెళ్ళనని మొండికేసిన ముఖం.

ఉడుత పాక్కుంటూ వచ్చి, తన చెంపలో వేలాడుతున్న కొక్కేన్ని పీకి, పళ్ళ డాక్టరు మడమ వెనక నరం కింద దూర్చి లాగాడు. నరం తెగింది. కాలు కూలి అతను వెనక్కి పడ్డాడు. వెనక ఊట నీళ్ళు తోడే గొయ్యి ఉంది, దాని మూత తీసి ఉంది. ఏడు మీటర్ల కింద పంపు రెక్కల మీద పడ్డప్పుడు ఒక్క కేక వినిపించింది.

గోడ లోపల ఎక్కడో గేటు మోటారు గుర్రుమంది.

ఇంజనీరమ్మ లాప్‌టాప్ అంచు వదిలేసి, అది జారుతుండగానే వేలు పొడిచింది. ఐ.

మోటారు ఇంకొక్కసారి గుర్రుమని ఆగిపోయింది. స్క్రీన్ మీద వరసలు పరుగెత్తాయి. ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే చచ్చాయి. చివరికి కెర్నల్ ఒక్కటే మిగిలి, మళ్ళీ మీ పేరేమిటని అడిగింది. పన్నెండు దాటి రెండు సెకన్లైంది. ఎక్కడెక్కడో స్క్రీన్ల ముందు కూర్చున్నవాళ్ళకి కదలని గేటు కనపడుతూ ఉండి ఉంటుంది.

ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆ ఆరు లైన్లు ఇవాళే పెడతాను," అంది ఆవిడ. "అతని పేరుతోనే. అతనికి అది కనపడదు, అదే బాధ."

చెంపకి చిల్లు పడ్డాక మాట్లాడటం కష్టం. ఉడుత ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

ఒంటిగంటకి సొరంగం మూతి దగ్గర కెమెరా పీకేసి, అందరినీ బయటికి రమ్మన్నారు. పెద్దసారు మాట ఒక్కటే. జరిగింది వాళ్ళకి ఒక్క ముక్క తెలియకూడదు. ఎవరైనా అడిగితే మామూలు తనిఖీ అనాలి. నలభై ముగ్గురూ మసి ముఖాలతో, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చారు. ఇంజనీరమ్మ ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంది. వెల్డింగ్ మేస్త్రీ అందరికంటే చివర వచ్చాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని, పనిలో అడ్డొచ్చినందుకు విసుక్కుంటూ.

"రెండు ప్లేట్లు మిగిలుండగా ఎవడు పిలిచింది తనిఖీ అని?" అంటూ వచ్చి అక్కని చూసి ఆగిపోయాడు. చేతి కట్టు, చీర మీద రక్తం, చెదిరిన జుట్టు. "ఏంటక్కా ఇది?"

ఆవిడ ఎడమ చేత్తో వాడి ముఖం మీది మసి తుడిచింది. తుడుస్తూనే ఉంది. చర్మం ఎర్రబడుతున్నా ఆపలేదు.

"చాల్లే, ఊడొస్తుంది," అన్నాడు వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని. తర్వాత కట్టు వంక కోపంగా చూశాడు. "మేము గునపాలూ గ్యాసు సిలిండర్లూ పట్టుకుని సొరంగాల్లో తిరుగుతాం, మాకేం కాదు. ఏసీ గదిలో కూర్చుని టైపు కొట్టే ఉద్యోగం నీది. దానికి చెయ్యి ఎలా విరగ్గొట్టుకున్నావు? అంతగా ఏం కొట్టావు?"

"పెద్దగా ఏం లేదురా," అంది ఇంజనీరమ్మ. "ఒక్క అక్షరం."